మలుపు దగ్గర నిలబడి వేసిన బొమ్మ

గోడకి తగిలించుకునే కార్ల బొమ్మలు కొందామని మొదటిసారి షాపుకి వచ్చినవాణ్ణి కార్లమ్మ గుమ్మంలోనే పసిగట్టేస్తుంది. పాతకాపు గోడల వంక చూడడు, మూలల్లో ఆనించి పెట్టిన వాటి వంక చూస్తాడు. కొత్తవాడు తిన్నగా వెళ్ళి అన్నిటికన్నా పెద్ద బొమ్మ ముందు, అందులోనూ ఎర్ర కారున్న బొమ్మ ముందు నిలబడి, తల ఒక పక్కకి వాల్చి "అబ్బ!" అంటాడు. ఆ "అబ్బ" చెవిన పడగానే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కుర్చీలోంచి లేస్తుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? అలాంటివాడికి ఎర్ర కారు అంటగట్టి పంపేస్తే ఇద్దరికీ సుఖం. ఆవిడ అలా చెయ్యదు. స్టూలు చూపించి కూర్చోమంటుంది. పాఠం మొదలవుతుంది. అది పూర్తయ్యేసరికి సగంమంది మళ్ళీ వస్తామని చెప్పి జారుకుంటారు.

"ముందు చక్రాలు చూడండి," అంటుంది. "కారు మొహం ఎవడైనా వేస్తాడు. నాలుగు మెరుపులు పెడితే మీరూ పడిపోతారు, నేనూ పడిపోతాను. చక్రం నేలని ఎక్కడ తాకుతోందో అక్కడ చూడండి. బరువు తెలియాలి. తెలియలేదా, అది కారు కాదు, గాలిబుడగ."

తర్వాత బొమ్మని గోడమీంచి దింపించి తిరగేయిస్తుంది. "మొహం అబద్ధమాడుతుంది, వీపు ఆడదు. చేత్తో వేసిందా, అచ్చేసిందా అని అమ్మేవాణ్ణి నోరు తెరిచి అడగండి. సిగ్గెందుకు? అచ్చు కొనడం తప్పు కాదు, అచ్చని తెలియక కొనడం తప్పు. కింద రేసు డ్రైవరు సంతకం ఉందని మురిసిపోకండి. ఆ డ్రైవరు బొమ్మ చూసి పెట్టాడా, తెల్ల కాగితాల కట్ట మీద ముందే గీకిచ్చాడా కనుక్కోండి. ఎండ పడే గోడకి తగిలించకండి. రేపు రేటు పెరుగుతుందని అసలే కొనకండి, పెరగనన్నాళ్ళూ దాని మొహం చూడబుద్ధి కాదు. ఇంకొకటి, మీ ఇంటావిడకి నచ్చిందా? నచ్చకపోతే వద్దు. నెల తిరక్కుండా అటకెక్కుతుంది."

చివరికి వచ్చే మాట ఎప్పుడూ ఒక్కటే. "మురికి పట్టిన బొమ్మయితే రేటు తగ్గించి అడగండి. మురికి కింద ఏముందో దేవుడికి కూడా తెలీదు. కొన్నాక మీరు మాత్రం తడిబట్ట పెట్టకండి. వెనక గదిలో మా మరిది ఉన్నాడు, వాడికివ్వండి. కడిగిన ముత్యంలా చేసిస్తాడు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఎప్పుడైనా ఒక తెలివైనవాడు తగిలి, "ఫోటో చూసి వేసినవి కొనొచ్చా అండీ?" అని అడిగితే మాత్రం ఆవిడ మొహం మాడిపోతుంది. "అది కార్ల క్లబ్బువాళ్ళనడగండి," అని వెళ్ళి కుర్చీలో కూర్చుంటుంది. ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే.

పేరుకే కార్లమ్మ గానీ ఆవిడకి కారు లేదు, నడపడం రాదు, ఎక్కితే కడుపులో తిప్పుతుంది. టైర్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆ షాపులో ముందు గది ఆవిడది, వెనక గది మరిదిది. ముందు గదిలో బొమ్మలు అమ్ముతారు. వెనక గదిలో ఫ్రేములు కడతారు, పాత బొమ్మలు శుభ్రం చేస్తారు. నిజం చెప్పాలంటే ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది వెనక గది మీదే. ఆవిడ సలహాల మీద వెలిగేటట్టయితే ఆ పొయ్యి ఎప్పుడో ఆరిపోయేది.

ఆవిడ పెళ్ళయి వచ్చేనాటికి ఈ మరిది నిక్కర్లేసుకునే పిల్లాడు. తల్లి లేదు. అన్నం పెట్టిందీ, చెవి మెలేసి బడికి తరిమిందీ వదినే. పెద్దయ్యాక కూడా నోట్లో నాలుక లేని మనిషిగానే మిగిలిపోయాడు. కనుబొమల మీద ఎప్పుడూ రంపంపొట్టు, చేతివేళ్ళకి ఎప్పుడూ జిగురు. పెళ్ళి చేసుకోమంటే నవ్వేవాడు. ఆ చేతులు మాత్రం బంగారం. పగుళ్ళిచ్చిన బొమ్మని, పొగచూరిన బొమ్మని తీసుకెళ్ళి అతని ముందు పెడితే, మళ్ళీ చూసేటప్పటికి ఏది పాత రంగో ఏది కొత్తదో వేసినవాడే చెప్పలేడు. ఊళ్ళో కార్ల క్లబ్బు ఉంది. అందులో ఉన్న పెద్దమనుషులందరి ఇళ్ళల్లోనూ పాత బొమ్మలున్నాయి. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు అతని బల్ల మీద పడుకుని లేచినవే.

ఇక ఆవిడ భర్త. అందరూ ఆయన్ని ఆర్టిస్టు అనే పిలిచేవారు, ఆవిడ కూడా. ఆయన వేసినవన్నీ కార్లే. కొండ దారిలో ఏటా కార్ల పందెం జరిగేది. ఒక కారు తర్వాత ఒక కారు వదిలేవాళ్ళు. జనమంతా పైన, గెలుపు గీత దగ్గర గుమిగూడితే, ఆర్టిస్టు కింద రాతిగోడ మలుపు దగ్గర కాన్వాసు పెట్టుకుని నిలబడేవాడు. గాలికి స్టాండు ఎగిరిపోకుండా ఆవిడ దాని కాళ్ళు పట్టుకుని కింద చతికిలబడేది. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల చెయ్యాల్సిన పనేనా అది!

కన్నార్పేలోగా దాటిపోయే కారుని ఎలా వేస్తావని ఆవిడ అడిగింది ఒకసారి. "ఒక కారు పోయినప్పుడు ఒకటే చూస్తాను," అన్నాడాయన. "ఈసారి ముందు చక్రం. తర్వాత కారుకి డ్రైవరు భుజం. అంతా ఒకేసారి చూద్దామనుకున్నవాడికి ఏదీ కనపడదు." నిజంగానే అలా వేసేవాడు. ముందే మలుపూ, గోడా, వెలుతురూ వేసి ఉంచుకుని, ఒక్కో కారు దగ్గర ఒక్కో ముక్క దొంగిలించేవాడు. సాయంత్రానికి కాన్వాసు మీద ఒక కారు నిలబడేది. అది ఏ ఒక్క కారూ కాదు, ఆ రోజు అటు వెళ్ళిన అన్ని కార్లూను.

క్లబ్బువాళ్ళు మెచ్చుకున్నారు, కొన్నారు, తమ భవనంలో ముందు హాల్లో పెట్టుకున్నారు. ఆ ముందు హాలుకి ఇత్తడి అక్షరాలతో ఒక బోర్డుంది, "అక్కడే నిలబడి వేసినవి" అని. మెట్ల కిందనుంచి మరుగుదొడ్ల వైపు వెళ్ళే వసారాలో ఇంకో బోర్డుంది, "ఫోటో చూసి వేసినవి" అని. కార్ల బొమ్మల లోకంలో ఇవి రెండూ రెండు కులాల్లాంటివి. ముందు హాల్లోది బొమ్మ, వసారాలోది నకలు. క్లబ్బులో ఎవరి బొమ్మ ఎక్కడుండాలో తేల్చేది ఒక ముసలాయన. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది కాబట్టి ఆయన్ని అందరూ భూతద్దం అంటారు, ఎదురుగా కాదనుకోండి.

ఒకరోజు ఒక వ్యాపారి ఆర్టిస్టు దగ్గరికి వచ్చి తన తండ్రి నడిపిన కారు బొమ్మ వెయ్యమన్నాడు. తండ్రి లేడు, కారూ లేదు. ఉన్నదల్లా ఒక పాత ఫోటో. "అచ్చం ఇలాగే కావాలి, వెంట్రుకవాసి తేడా ఉండకూడదు," అని బతిమాలాడు. ఆ పాత కెమెరాలకి ఒక జబ్బుండేది. జోరుగా పోయే కారుని తీస్తే గుండ్రటి చక్రాలు ముందుకి ఒరిగిపోయినట్టు పడేవి. ఆర్టిస్టు అచ్చం అలాగే వేసిచ్చాడు, ఒరిగిపోయిన చక్రాలతో సహా. వ్యాపారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్కడితో ఆగాడా? ఆ బొమ్మని తీసుకెళ్ళి క్లబ్బుకి బహూకరించాడు.

భూతద్దం దాని ముందు చాలాసేపు నిలబడి అన్నాడట, "మనిషి కన్నుకి చక్రం ఇలా కనపడదు. కెమెరాకే కనపడుతుంది. ఈయన ఫోటోలు చూసి వేస్తున్నాడు." ఆ ఒక్క బొమ్మ వరకూ అది అక్షరాలా నిజం. ఆ నిజంతోనే మిగిలిన బొమ్మలన్నిటికీ ఉరేశారు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకరన్నారు, మాకు ముందే అనుమానమని ఇంకొకరన్నారు. ఆర్టిస్టు బొమ్మలన్నీ ముందు హాల్లోంచి వసారాలోకి నడిచాయి.

ఆయన ఒక్కసారి వెళ్ళి చూసొచ్చాడు. ఫినాయిలు వాసనలో, తడిచేతులు దులుపుకుంటూ పోయేవాళ్ళ మధ్య తన మలుపులు వేలాడుతున్నాయి. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "కాళ్ళు కడుక్కుంటాను, నీళ్ళు పెట్టు," అన్నాడు. అంతే. ఆ తర్వాత పందేనికి వెళ్ళలేదు. ఆవిడ ఊరుకోలేక, "బీరువాలో ఆ బొమ్మ ఉందిగా, తీసుకెళ్ళి చూపించు," అని పోరు పెట్టింది. "నా మాట చాలదా? నా బొమ్మకి నేనే సాక్షిని తీసుకెళ్ళాలా?" అని అరిచాడు. ఆయన పౌరుషం ఆయన్ని తినేసింది. ఊపిరితిత్తులు తినేశాయని డాక్టరన్నాడు గానీ, ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఆయన, "ఇంకా అక్కడే ఉన్నాయా?" అని అడిగాడు. "లేదు, ముందు హాల్లోకి మార్చారు. నేను చూసే వచ్చాను," అంది ఆవిడ. ఆయన నమ్మాడు. నమ్మి, దుప్పటి సరిచేసుకుని పడుకున్నాడు. ఆ అబద్ధాన్ని నిజం చెయ్యకుండా తను కన్నుమూయకూడదని ఆవిడ అప్పుడే అనుకుంది. ఆ తర్వాత ఆవిడకి బతుకులో వేరే కోరికంటూ ఏదీ లేదు.

బీరువాలో ఉన్న బొమ్మ సంగతి ఇది. ఆయన ఇంకా పందేనికి వెళ్తున్న రోజుల్లో, ఒక ఏడు, ఒక కారు మలుపు దగ్గర జారింది. గోడకి కొట్టుకోలేదు గానీ, ఒక్కసారి అడ్డం తిరిగి, రోడ్డు పక్కనున్న కంకరపొడిని చాట పెట్టి విసిరినట్టు వీళ్ళ మీదికి విసిరి పోయింది. తడి రంగు నిండా ఇసక, కాలిన టైరు తునకలు, నూనె చుక్కలు. ఆర్టిస్టు ముందు బండబూతులు తిట్టాడు. తర్వాత దగ్గరకెళ్ళి చూసి పకపకా నవ్వాడు. "ఉండనీ. ఇంత బాగా నేను వెయ్యలేను," అన్నాడు. ఆ ఇసక అలాగే రంగులో ఎండిపోయింది. వేలితో రాస్తే గరగర తగిలేది. ఏ ఫోటో చూసి వేసినవాడి కాన్వాసులో కొండరోడ్డు కంకర ఉంటుంది? కోర్టులో నిలబెట్టగలిగిన సాక్షి అది. ఆవిడ ఏటా రెండుసార్లు బట్ట విప్పి, తడిమి చూసుకుని, మళ్ళీ చుట్టి పెట్టుకునేది.

క్లబ్బులో గోడలకి రంగులు వేయిస్తున్నారనీ, బొమ్మలన్నీ దింపి కొత్తగా తగిలిస్తారనీ తెలిసినప్పుడు ఆవిడ చీర మార్చుకుని భూతద్దం ఇంటికే వెళ్ళింది. ఆయన దుర్మార్గుడేమీ కాదు, అదే వచ్చిన చిక్కు. దుర్మార్గుడైతే తిట్టుకుని బతికేయొచ్చు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అంతా విన్నాడు. ఇంట్లో ఒక బొమ్మ ఉందని చెప్పింది గానీ, అందులో ఏముందో ఆయన కంటికే పడాలని అక్కడ బయటపెట్టలేదు. "రుజువుంటే నేనే దింపి, నా చేతులతో ముందు హాల్లో తగిలిస్తానమ్మా. మాట మీద మాత్రం తగిలించలేను. వచ్చి చూస్తాను," అన్నాడు. రోజు కూడా అనుకున్నారు. రంగుల పని మొదలయ్యే ముందు రోజు.

ఆవిడ ఇంటికొచ్చి కాన్వాసు తీసి మరిదికిచ్చింది. "దీనికి మంచి ఫ్రేము కట్టరా. భూతద్దం వస్తున్నాడు, అంగుళం అంగుళం చూస్తాడు. మీ అన్న పరువు దీని మీదే ఉంది," అని చెప్పింది. అంతవరకే చెప్పింది. ఇసక మాట చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఆవిడ లెక్కలో అది చెప్పక్కర్లేని సంగతి, కనపడుతూనే ఉంది కదా! ఆ సాయంత్రమే చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుందని కబురొస్తే సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారే, ఇలాగే పడుతుంది, సంచీ భుజానేసుకుని, బస్సు దొరికిందన్న సంతోషంలో.

భూతద్దం వచ్చే రోజు పొద్దున్నే ఆవిడ తిరిగొచ్చింది. మరిది స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఎదురుచూస్తున్నాడు. రంపంపొట్టు లేని కనుబొమలతో అతన్ని చూస్తే ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. మనిషి పీక్కుపోయాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహంలో మాత్రం పట్టరానంత సంబరం. ముందు గదిలో గోడకి తగిలించిన బొమ్మ మీద తెల్లబట్ట కప్పి ఉంది.

"కూర్చో వదినా. కళ్ళు మూసుకో," అన్నాడు.

"వేషాలు చాలు గానీ తియ్యరా."

బట్ట తీశాడు. ఆవిడకి మొదట ఏమీ అర్థం కాలేదు. బొమ్మ వెలిగిపోతోంది. రాతిగోడ మీద ఎండ నిన్ననే పడ్డట్టుంది. కారు మీది నీలిరంగు కళ్ళల్లో గుచ్చుకుంటోంది. ఆవిడ లేచి దగ్గరికెళ్ళి, అలవాటు ప్రకారం ముందు చక్రం పక్కన వేలు పెట్టింది. గరగర తగలాల్సిన చోట వేలు జారిపోయింది. ఇంకోచోట పెట్టింది. జారిపోయింది.

"ఇక్కడ ఇసక ఉండాలిరా," అంది నెమ్మదిగా.

"ఉంది వదినా! ఎంత ఉందనుకున్నావు!" అతను ఉప్పొంగిపోయాడు. "రంగులోకి కూరుకుపోయింది. సూదితో ఒక్కొక్కటీ పైకి తీశాను. నల్లగా రబ్బరు తునకలు కూడాను. నూనె చుక్కలైతే ప్రాణం తీశాయనుకో. గుంటలు పూడ్చి, రంగు కలిపి, పైన వార్నిషు పూశాను. ఎక్కడెక్కడ పూడ్చానో చెప్పు చూద్దాం! ఆయన భూతద్దంతో చూస్తాడన్నావుగా, నేనూ భూతద్దం పెట్టుకునే చేశాను. ఒక్క మచ్చ దొరకదు ఆయనకి."

"తీసిన ఇసక ఏదిరా?"

"ఇసకేం చేసుకుంటాం వదినా? ఊడ్చి చెత్తలో వేశాను. బండివాడు తీసుకెళ్ళిపోయాడు."

ఆవిడ నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత చెప్పింది. మలుపు, జారిన కారు, కంకర, తిట్లు, నవ్వు, బీరువా, భూతద్దం ఇచ్చిన మాట, అన్నీ చెప్పింది. ఇన్నేళ్ళుగా దారిన పోయే ప్రతివాడికీ పాఠాలు చెప్పిన మనిషి ఇంట్లోవాడికి చెప్పాల్సిన నాలుగు ముక్కలూ అప్పుడు చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

మరిది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "అన్నయ్య అక్కడే వేశాడు కదా వదినా," అన్నాడు చివరికి. "నాకు తెలుసు కదా. దానికి రుజువు కావాలని నాకు తట్టనే లేదు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అతను చెప్పింది నిజమైనందుకే ఇంకా ఎక్కువ మండింది. అనుమానం ఉన్నవాడైతే ప్రతి రేణువూ దాచిపెట్టేవాడు. నమ్మినవాడు కాబట్టి తుడిచేశాడు. "నీ చేతులు పడిపోను!" అని అరిచింది. "నిన్నెవడు తుడవమన్నాడురా? ఫ్రేము కట్టమంటే ఫ్రేము కట్టి ఊరుకోలేవూ? మీ అన్నని రెండోసారి చంపావు కదరా!" అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, ఇంకో నాలుగు తిట్టడానికి వీలుండేది.

రావద్దని కబురు పంపుదామా అనుకుంది. రేపట్నుంచి గోడలకి రంగులు. ఇవాళ కాకపోతే మళ్ళీ ఏ ఇరవై ఏళ్ళకో. ఏ మూలో ఒక్క రేణువు మిగిలి ఉండొచ్చు, ముసలాయన కంట పడొచ్చు. ఆ ఒక్క రేణువు మీద ఆశ పెట్టుకుని మొహం కడుక్కుని కూర్చుంది.

మధ్యాహ్నం భూతద్దం వచ్చాడు, వెంట క్లబ్బు కార్యదర్శి. కార్యదర్శికి ఈ షాపు కొత్త కాదు. వాళ్ళ తాతగారి కారు బొమ్మ అప్పటికే వెనక గదిలో బల్ల మీద ఉంది, శుభ్రం చెయ్యమని ఇచ్చి వెళ్ళాడు. మర్యాదలయ్యాయి. ముసలాయన జేబులోంచి అద్దం తీసి, బొమ్మకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. ఈ మూలనుంచి ఆ మూలకి, మళ్ళీ ఆ మూలనుంచి ఈ మూలకి. ఆవిడ ఆయన వీపు వంకే చూస్తూ కూర్చుంది. మరిది చేతులు వెనక్కి పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముసలాయన నడుం పట్టుకుని నెమ్మదిగా లేచాడు. "పని గొప్పదమ్మా. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు," అన్నాడు. ఆయన గొంతులో జాలి ఉంది. "కానీ కొండగాలిలో నిలబడి వేసిన కాన్వాసు ఇంత నున్నగా ఉండదు. ఒక పురుగో, ఇంత దుమ్మో పడి ఉండాలి. ఇందులో ఏమీ లేదు. అచ్చం ఫోటోలా ఉంది."

"ఇసక ఉందండీ!" మరిది గొంతు కీచుగా వచ్చింది. అంత గట్టిగా అతను మాట్లాడ్డం ఆవిడెప్పుడూ వినలేదు. "రంగులోనే ఉంది. కంకర, రబ్బరు, నూనె, అన్నీ ఉన్నాయి. నేనే తీసేశాను. సూదితో తీసి పూడ్చేశాను. వదిన ఊళ్ళో లేదు. తప్పు నాది. అన్నయ్య అక్కడే వేశాడండీ!"

కార్యదర్శి మొహం మారిపోయింది. "రంగులోంచి తీశావా? ఎవరూ అడక్కుండానే?" అన్నాడు. అతని చూపు వెనక గది వైపు పోయింది. "మా తాతగారి బొమ్మలోంచి కూడా ఇలాగే ఏమైనా తీశావా? ఇన్నేళ్ళుగా మా అందరి బొమ్మల్లోంచీ ఏమేం తీశావు?"

"ఆగండి," అన్నాడు భూతద్దం. ఆయన మరిదిని ఎగాదిగా చూశాడు. "ఇలాంటి మాట ఒప్పుకుంటే ఈయన పని ఇక్కడితో సరి. క్లబ్బులో ఒక్కరు కూడా ఇంకో బొమ్మ ఈయన చేతికివ్వరు, ఇవ్వనివ్వను కూడా. తన పొట్ట మీద తనే కొట్టుకునేవాడు మామూలుగా అబద్ధమాడడు. కానీ అన్న మీద ప్రేమ కూడా మనిషి చేత ఏదైనా అనిపిస్తుంది." ఆవిడ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఆ రోజు పక్కనున్నది మీరు. ఈయన చెప్పింది నిజమైతే నిజమనండి. నేను నమ్ముతాను. ఆయన బొమ్మలు రేపే ముందు హాల్లోకి వస్తాయి."

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. ఔనంటే చాలు. ఇద్దరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. మరిది ఔనను, ఔనను అన్నట్టు తలూపుతున్నాడు. వాడి చేతులు ఇప్పుడు ముందుకొచ్చాయి. వేళ్ళ చివర సూది గుచ్చుకున్న గాట్లు. ఆ చేతులకి ఇంకో పని రాదు. వాడికి ఇంకో ఇల్లు లేదు. ఈ వయసులో వాణ్ణి ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఆవిడకి ఆ క్షణంలో వాడి మీద ప్రేమేమీ పొంగలేదు. పొద్దున్న తిట్టిన తిట్టు ఇంకా నాలుక మీదే ఉంది. మొగుడి మీద కూడా కోపం వచ్చింది. బతికున్నప్పుడు ఈ బొమ్మ తీసుకెళ్ళి ముసలాయన మొహాన పెట్టి ఉంటే ఈ పాపం తన నెత్తిన పడేది కాదు కదా అనిపించింది.

"వాడికి అన్నంటే పిచ్చండీ," అంది. "వాడు దాన్ని ముట్టుకోలేదు. ఫ్రేము మాత్రమే కట్టాడు. బొమ్మ మొదట్నుంచీ ఇలాగే నున్నగా ఉందండీ."

"వదినా!"

"నువ్వూరుకో."

భూతద్దం ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, అద్దాన్ని రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేనమ్మా. వసారాలోనే, మెట్ల కింద కాకుండా కాస్త వెలుతురున్న చోట పెట్టిస్తాను," అన్నాడు. ఆయన చెయ్యగలిగిన మేలు అది. కార్యదర్శి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, తాతగారి బొమ్మ ఎప్పటికవుతుందని మరిదినే అడిగాడు. మరిది నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పింది, వచ్చే వారం రమ్మని. కారు వీధి చివర మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తర్వాత తలుపు వేసింది.

మరిది స్టూలు మీద కూలబడి ఏడుస్తున్నాడు. "ఎందుకలా చెప్పావు వదినా? నమ్మేవాళ్ళు కదా!"

"నమ్మేవాళ్ళే."

"మరి అన్నయ్య?"

ఆవిడ బొమ్మ మీద తెల్లబట్ట కప్పి, అంచులు లాగి సరిచేసింది. అతని వైపు తిరగలేదు.

"ఆయనకింక ఆకలెయ్యదురా," అంది. "మనకేస్తుంది. లేచి పనికి పో. ఇవాళంతా నా కళ్ళబడకు."